డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్సు జీవితము

దేహబలముచేత కీర్తి నార్జించినవారి చరిత్రములు బాలురకు మిక్కిలి ప్రియమైనవి. మల్లులు, సాముగరిడీలలో నేర్పరులు, పరుగుపందెములలో గెలిచినవారు మొదలగువారినిగూర్చి చెప్పునప్పుడు తరగతిలో వెనుక బల్లమీది వారు సైతము చెవియొగ్గి విందురు. కాని అట్టి చరిత్రములను మనము సాధారణముగ సగమే చెప్పుదుము. వీరుడు గెలిచినంతవరకు చెప్పి పుస్తకము మూసివేయుదుము. గెలిచిన ఆ దేహమునకు ఏబది యేండ్లు వచ్చినప్పుడు ఏమి జరిగెనో చెప్పము. ఆ రెండవ సగమునుగూడ తప్పక చెప్పదగిన యొక జీవితమును మేమీ సంచికయందు మా పాఠకుల ముందుంచుచున్నాము.

డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్సు అమెరికా దేశపు చలనచిత్ర నటుడు. బొమ్మలకు ఇంకను మాటలు రాని కాలమున, అనగా 1915 మొదలు 1929 వరకు, కత్తిసాముచేతను, గోడలెక్కి దుముకుటచేతను, త్రాళ్ళ నూతగొని ఊగుటచేతను ఇతడు లోకమంతట పేరు పొందెను. వీరుడు మేడమీదినుండి దుముకుటయు, ఒంటికత్తితో పదిమంది నెదుర్కొనుటయు, నవ్వుచు తప్పించుకొని పోవుటయు నేటి సాహస చిత్రములలో మనము చూచుచున్నాము గదా! ఆ రీతిని ప్రజలకు మొట్టమొదట రుచి చూపిన వారిలో అగ్రగణ్యుడితడే.

బాల్యము

1883వ సంవత్సరము మే నెల 23వ తేదీన కొలరాడో రాష్ట్రములోని డెన్వరు పట్టణమున ఇతడు జన్మించెను. పుట్టినప్పుడు పెట్టిన పేరు డగ్లస్ ఎల్టన్ థామస్ ఉల్మన్. తండ్రి న్యాయవాది. బాలునకు అయిదేండ్ల ప్రాయమున ఆ తండ్రి భార్యాబిడ్డలను విడిచి వెడలిపోయెను. తల్లి ఎల్లా దిక్కులేనిదయ్యెను. ఆమె తన మొదటి భర్తయు, అంతకు మునుపే గతించినవాడునైన ఫెయిర్‌బ్యాంక్సుయొక్క పేరును మరల ధరించి, ఆ పేరే బిడ్డలకును పెట్టెను. తండ్రికి త్రాగుడు వ్యసనముగ నుండుటచే, మద్యము ముట్టనని ఆమె కుమారునిచేత మాట తీసికొనెను. ఆ మాటను కుమారుడు చాలకాలము నిలుపుకొనెను.

బాలుడు చదువులో ముందున్నవాడు కాడు. ఒకచోట కాలు నిలుపువాడు కాడు. పద్యములు, నాటకములలోని భాగములు వల్లించుటయందుమాత్రము అతనికి ఎక్కడలేని శ్రద్ధ కలుగుచుండెను. డెన్వరు ఉన్నత పాఠశాలలో చదువుచు, అల్లరి చేష్టలవలన అతడు పాఠశాలనుండి తొలగింపబడెను. బడిలోని పియానో తీగెలు కత్తిరించుటయే ఆ నేరమని చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మాకు ఇట్టి బాలురు అపరిచితులు కారు. కదలక కూర్చుండుమనుటయే వీరికి పెద్ద శిక్ష. ఆ చురుకుదనమునకు దారి చూపగల పని యేదో కనుగొనుట పెద్దల బాధ్యత. డగ్లసు విషయమున ఆ దారిని చూపినది నాటకశాల.

నాటకరంగము

ఫ్రెడరిక్ వార్డు అను ప్రసిద్ధ నటుని నాటక సమాజములో చేరి ఇతడు 1899 ప్రాంతమున ఊరూర తిరిగెను. 1902లో న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకశాలలలో మొదటిసారి వేషము వేసెను. విషాద పాత్రలలో అతడు రాణింపలేదు. హాస్యము, ఉత్సాహము గల యువకుని పాత్రలలో నెగ్గెను. మెట్లున్నచోట మెట్లెక్కక పిట్టగోడనంటి పైకి దుముకుట, తలుపుండగా కిటికీగుండ వచ్చుట మొదలైన చేష్టలతో ప్రేక్షకులను నవ్వించెడివాడు.

1907లో ప్రత్తి వర్తకముచే ధనికుడైన డేనియల్ సల్లీ కుమార్తె యగు బెత్తును వివాహమాడెను. నాటకములు మానుమని మామ కోరగా ఒక సబ్బుల సంస్థలో కొన్నాళ్లు పని చేసెను. ఆ ఉద్యోగము నిలువలేదు. మరల రంగస్థలమునకే వచ్చెను. 1909 డిసెంబరు 9వ తేదీన వీరికి కుమారుడు కలిగెను. అతనికిని డగ్లసు అనియే పేరు పెట్టిరి. ఆ కుమారుడును తరువాత నటుడై పేరు గడించి 2000లో మరణించెను.

చలనచిత్ర ప్రవేశము

1915 నాటికి నాటక నటులు చలనచిత్రములను చులకనగ చూచుచుండిరి. ట్రయాంగిల్ అను సంస్థవారు వారమునకు 2,000 డాలర్ల జీతమిచ్చి ఫెయిర్‌బ్యాంక్సును హాలీవుడ్డునకు పిలిపించిరి. అచటి పెద్ద దర్శకుడగు డి. డబ్ల్యు. గ్రిఫిత్‌కు ఇతని గంతులు రుచింపలేదు. అయినను అదే సంవత్సరమున వచ్చిన మొదటి చిత్రమును ప్రజలు మెచ్చిరి. పిమ్మట జాన్ ఎమర్సన్ అను దర్శకుడును, అనీటా లూస్ అను రచయిత్రియును ఇతని గుట్టు కనిపెట్టిరి. ఇతనిచేత గంభీరముగ నటింపజేయుట వ్యర్థమనియు, దుముకనిచ్చుటయే మేలనియు వారు గ్రహించిరి. దుముకుటకు తగిన కథను ఎమర్సన్‌తో కూడి కల్పించి, నడుమ నడుమ తెరమీద చదువుకొను వాక్యములను లూస్ చమత్కారముగ వ్రాయుచుండెను.

1915 మొదలు 1920 వరకు ఇంచుమించు ముప్పది చిత్రములు వెలువడెను. వానిలో వీరుడు సాధారణముగ పట్టణపు యువకుడు; ధనము కలదు, పని లేదు. హఠాత్తుగ ఏదో యొక ఆపద వచ్చును. అప్పుడతనిలోని శక్తి మేల్కొనును. మేడలెక్కును, గుర్రముమీదికి దుముకును, దుష్టులను నవ్వుచునే తరుమును. బలమును కోపముతోగాక సంతోషముతో చూపుటయే ఇతని ప్రత్యేకత. ఇతరులు యుద్ధము చేయునప్పుడు పండ్లు కొరుకుచుందురు; ఇతడు పండ్లు కనబడ నవ్వుచుండును.

1918లో మొదటి ప్రపంచ యుద్ధమునకై అమెరికా ప్రభుత్వము ప్రజలనుండి ఋణపత్రములద్వారా ధనము సేకరించునప్పుడు, ఫెయిర్‌బ్యాంక్సును, హాస్యనటుడగు చార్లీ చాప్లినును, నటీమణి మేరీ పిక్‌ఫర్డును దేశమంతట పర్యటించిరి. న్యూయార్కులోని వాల్ స్ట్రీటున వేలకొలది జనము గుమికూడగా, ఫెయిర్‌బ్యాంక్సు చాప్లినును తన భుజములమీదికెత్తి చూపెను. ఆనాటి ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము.

మరుసటి యేడు, 1919 ఫిబ్రవరిలో, ఈ మువ్వురును గ్రిఫితును కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను స్థాపించిరి. అంతవరకు నటులు కూలివారివలె సంస్థలయొద్ద జీతమునకు పనిచేయుచుండిరి. తమ చిత్రములను తామే నిర్మించుకొని, తామే పంపిణీ చేసికొని, లాభనష్టములను తామే భరింపవలెనని ఈ నలుగురు నిశ్చయించుకొనిరి. ఇది చలనచిత్ర చరిత్రలో గొప్ప మలుపు.

ఇచట నొక విషయమును దాచుట న్యాయము కాదు. మేరీ పిక్‌ఫర్డునకు అప్పటికే భర్త కలడు. ఫెయిర్‌బ్యాంక్సునకు భార్యయు పుత్రుడును కలరు. ఇరువురును తమ వివాహములను రద్దు చేసికొని 1920 మార్చి 28న పెండ్లాడిరి. తండ్రి విడిచిపోయిన బాధ నెరిగిన ఫెయిర్‌బ్యాంక్సు తన కుమారునకును అట్టి బాధనే కలిగించెను. లోకముమాత్రము ఈ దంపతులను రాజదంపతులవలె పూజించెను. లండనులో వారిని చూడవచ్చిన జనసమ్మర్దమున నడచుటయే దుస్సాధ్యమయ్యెను. 1926లో మాస్కో నగరమునను అట్లే జనులు విరుగబడిరి. బెవర్లీ హిల్స్‌లోని వారి గృహమునకు ఇరువురి పేర్లును కలిపి పిక్‌ఫెయిర్ అని పేరు వచ్చెను. దేశదేశముల ప్రముఖులు అచట అతిథులైరి.

ఉచ్చదశ

మా విద్యార్థులు ముఖ్యముగ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఫెయిర్‌బ్యాంక్సు ఏ చిత్రములవలన నేటికిని స్మరింపబడుచున్నాడో, అవి యన్నియు అతనికి 37 యేండ్లు నిండిన తరువాత తీసినవి.

1920 నవంబరులో ది మార్క్ ఆఫ్ జోరో వెలువడెను. జాన్‌స్టన్ మెకల్లీ అను రచయిత అంతకు ముందటి సంవత్సరమున ఒక పత్రికలో ప్రకటించిన కథ దీనికి మూలము. స్పెయిను దేశస్థులు కాలిఫోర్నియాలో నుండిన కాలపు కథ ఇది. పగలు చేతకాని సుకుమారునివలె ఆవులించుచుండు ఒక ధనికుడు, రాత్రులందు ముసుగు ధరించి, కత్తిబూని, పేదలను పీడించు అధికారులను శిక్షించుచుండును. పాతకాలపు వేషములతో కూడిన చిత్రమును ప్రజలు చూతురో చూడరో యని ఫెయిర్‌బ్యాంక్సునకు భయముండెను. అందువలన వెనువెంటనే పాతరకపు హాస్యచిత్రము నొకదానిని గూడ సిద్ధపరచుకొనెను. కాని జోరోను ప్రజలు నెత్తిన పెట్టుకొనిరి. అటుపైన అతడు వెనుదిరిగి చూడలేదు. 1921లో ది త్రీ మస్కెటీర్స్, 1922లో రాబిన్ హుడ్, 1924లో ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్, 1925లో డాన్ క్యూ, 1926లో ది బ్లాక్ పైరేట్ అను చిత్రములు వరుసగ వెలువడెను.

ఈ చిత్రములకై అతడు పడిన శ్రమ గొప్పది. పొడగరి కాడు, మహామల్లుని దేహము కాదు. చిత్రశాలలోనే వ్యాయామశాల నేర్పరచుకొని ప్రతిదినమును మిత్రులతో పరుగెత్తుచు, దుముకుచు, సాము చేయుచుండెను. బెల్జియము దేశస్థుడగు యూటెన్‌హోవ్, ఆ తరువాత ఫ్రెడ్ కేవెన్స్ అను గురువులయొద్ద కత్తిసాము నభ్యసించెను. డాన్ క్యూ చిత్రమునకై ఆస్ట్రేలియా క్రీడాకారుడగు స్నోవీ బేకరునొద్ద కొరడా విసరుట నేర్చుకొనెను. ప్రతి క్రొత్త చిత్రమునకును క్రొత్త విద్య కావలెను. ప్రతి విద్యకును గురువు కావలెను. నలువది యేండ్ల వయస్సున, లోకమంతయు కొనియాడు కాలమున, మరల శిష్యుడై నిలుచుండుటకు అతడు సిగ్గుపడలేదు.

ఇంకొక రహస్యము కలదు. తెరమీద అతడు దుముకునప్పుడు ప్రయాస యేమాత్రమును కానరాదు. దానికి కారణము కొలత. అతడెక్కవలసిన బల్ల ఎత్తు, పట్టుకొనవలసిన కొమ్మ దూరము, దాటవలసిన గోడ పొడవు అన్నియు అతని కాలిచేతుల అందుబాటును బట్టియే వడ్రంగులు కట్టుచుండిరి. రాబిన్ హుడ్ చిత్రమునకై కట్టిన కోట మిక్కిలి పెద్దది. దానిని చూచి ఫెయిర్‌బ్యాంక్సు అధైర్యపడి, ఇంత పెద్ద కోటలో తాను చీమవలె కనబడుదునని విచారించెను. దర్శకుడగు అలన్ డ్వాన్ అతనిని తోడుకొనిపోయి, ఎత్తైన వసారానుండి నేలవరకు వ్రేలాడు గొప్ప తెరగుడ్డను చూపెను. దాని వెనుక పిల్లలాడుకొను జారుడుబల్లవంటిది దాచిపెట్టబడియుండెను. డ్వాన్ తానే దానిమీద జారి చూపగా, ఫెయిర్‌బ్యాంక్సు చిన్నపిల్లవానివలె ఆనందించి, మరల మరల జారెనట! ప్రేక్షకులకుమాత్రము వీరుడు వట్టి గుడ్డనానుకొని గాలిలో తేలి వచ్చినట్లే తోచెను.

ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్ ఇతని చిత్రములలో మకుటాయమానము. రావుల్ వాల్ష్ దర్శకుడు. విలియం కామెరన్ మెంజీస్ బాగ్దాదు నగరమును కల్పించిన చిత్రకారుడు. ఖర్చు పది లక్షల డాలర్లను మించెను. మనిషెత్తు జాడీలలోనుండి జాడీలలోనికి వీరుడు బంతివలె ఎగురుట యందు కలదు. జాడీల లోపల స్ప్రింగువలలు దాచియుంచిరి. ఎగురు తివాచీ అడుగున ఉక్కురేకును, దానిని పైనుండి మోయు సన్నని పియానో తీగెలును ఉండెను. బడి పియానో తీగెలను కత్తిరించెనన్న బాలుడు నలువది యేండ్ల ప్రాయమున అట్టి తీగెలనే నమ్ముకొని నగరముమీద ఎగిరెనన్నమాట! ఈ చిత్రము మన దేశమునను మిక్కిలి ప్రజాదరణ పొందెను. బొంబాయిలో కత్తియుద్ధముల మూగచిత్రములకు ఇది గొప్ప ప్రేరణ యయ్యెను. అచటి నటుడు మాస్టర్ విఠల్‌ను జనులు భారతదేశపు ఫెయిర్‌బ్యాంక్సు అని పిలుచుచుండిరి. చాలకాలమునకు పిమ్మట, 1968లో, తెలుగున బాగ్దాద్ గజదొంగ అను పేరుతోనే యొక చిత్రము వచ్చుటనుబట్టి ఆ పేరు మన ప్రజల చెవులలో ఎంత నాటుకొనెనో తెలియుచున్నది.

తనకు లభించిన స్థానమును ఇతడు తనకొరకే వినియోగించుకొనలేదు. 1927లో 36 మంది కలిసి చలనచిత్ర కళలకును శాస్త్రములకును ఒక అకాడమీని స్థాపించినప్పుడు దానికి ప్రథమాధ్యక్షుడు ఫెయిర్‌బ్యాంక్సే. 1929 మే 16న హాలీవుడ్డులోని రూజ్వెల్టు హోటలులో మొదటి బహుమానములను అతడే పంచిపెట్టెను. నేడు ఆస్కారులని లోకమంతయు ఎదురుచూచు ఆ ఉత్సవము ఆనాడు పావుగంటలో ముగిసెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు చలనచిత్ర కళను పాఠ్యవిషయముగ బోధింప నారంభించినప్పుడు మొదటి ఉపన్యాసమిచ్చినదియు ఇతడే. బడినుండి తొలగింపబడిన బాలుడు విశ్వవిద్యాలయములో ఒక క్రొత్త విద్యకు ఓనమాలు దిద్దించెను.

క్షీణదశ

1927 చివరనుండి చలనచిత్రములకు మాటలు వచ్చెను. రెండు మూడేండ్లలో మూగచిత్రములు అంతరించెను. ఫెయిర్‌బ్యాంక్సు క్షీణతకు టాకీలే కారణమని సాధారణముగ చెప్పుదురు. ఇది సగము నిజము మాత్రమే. అతడు నాటకరంగమున పెరిగినవాడు. కంఠము చెడ్డది కాదు. అసలు చిక్కు వేరొకచోట నుండెను. ఆ తొలి దినములలో మాటలను పట్టు యంత్రమునొద్దనే నటులు కదలక నిలిచి మాటలాడవలసి వచ్చెను. చప్పుడు వినబడకుండుటకై కెమెరాను ఒక చిన్న గదిలో బంధించిరి. బాల్యమున కదలక కూర్చుండలేనివానిని నలుబదియారేండ్ల ప్రాయమున కదలక నిలుచుండుమనిరి. చిత్రమేమనగా, మన దేశపు మొదటి టాకీయైన 1931 నాటి ఆలం ఆరాలో మాస్టర్ విఠల్‌కును ఇట్టి గతియే పట్టెను. అతనికి హిందూస్థానీ ఉచ్చారణము కుదరనందున ఆ మాటల చిత్రములో కథానాయకుడు చాలవరకు మాటలేక మైకమున నుండునట్లు చూపిరి.

రెండవ కారణము వయస్సు. కొలతలు తగ్గించి బల్లలు కట్టవచ్చును. కాని దేహము తగ్గుచున్న కొలది ఎంతవరకు తగ్గింపగలరు? చిరకాలము ఎడతెగక సిగరెట్లు కాల్చిన అలవాటు గుండెను లోలోపల బలహీనపరచుచుండెను. బయటికి కండలు కానవచ్చుచున్నను లోపలి హాని తెరమీద కనబడదు. మూడవది కాలము. 1929 చివర అమెరికాలో కలిగిన ఆర్థిక సంక్షోభముతో లక్షలమంది పనులు కోల్పోయిరి. చింతలేని ధనిక వీరుని నవ్వు వారి మనస్సుల నంటలేదు.

రానున్నదానిని అతడు ముందే ఎరిగినట్లున్నది. 1929లో వచ్చిన ది ఐరన్ మాస్క్ ఇతని కడపటి మూగచిత్రము. ది త్రీ మస్కెటీర్స్‌లో యువకుడుగ నుండిన దార్తన్యాను ఇందులో నడివయస్సు దాటినవాడు. కథాంతమున వెన్నుపోటుచే మరణించును. అంతకుముందే గతించిన మిత్రులు మేఘములమీద నిలిచి రమ్మని పిలువగా, వారితో కలిసి నవ్వుచు సాగిపోవును. అన్ని చిత్రములలోను మృత్యువును పరిహసించిన వీరుడు ఇందులో దానికి తలయొగ్గెను. మూగచిత్రముల కాలమునకే ఇది వీడ్కోలు వంటిదని విమర్శకులు తలంతురు. మేమును అట్లే తలంచుచున్నాము.

ఆ సంవత్సరమే భార్యాభర్తలిరువురును షేక్స్పియరు నాటకమగు ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ టాకీలో నటించిరి. ఫెయిర్‌బ్యాంక్సు ఆలస్యముగ వచ్చుచు, మాటలు కంఠస్థము చేయక, పలకలమీద పెద్ద అక్షరములతో వ్రాయించి చూచి చదువుచుండెనని మేరీ తరువాత వ్రాసికొనెను. కొరడా విసరుటకు నెలలు సాధన చేసిన మనుష్యుడేనా ఇతడు? శ్రద్ధ తగ్గుటయే పతనమునకు మొదటి మెట్టు. దేహము తగ్గుట రెండవది మాత్రమే.

అటుపిమ్మట అతడు ఇంటిపట్టున నిలువలేదు. గోల్ఫు ఆటలు, ఓడ ప్రయాణములు, దేశాటనములు. 1931లో వెలువడిన ప్రయాణ చిత్రమొకదానిలో జపాను, సయాము మొదలైన దేశములతోపాటు మన భారతదేశమును కలదు. పరుగెత్తుటకు తెరమీద చోటు లేకపోగా భూగోళముమీద పరుగెత్తినట్లుండెను. మేరీ ఇంటియొద్దనే నిలిచిపోయెను. 1933లో వారు వేరుపడిరి. 1936 జనవరిలో విడాకులు పొందిరి. ఆ సంవత్సరము మార్చిలోనే అతడు సిల్వియా ఆష్లీ అను ఆంగ్ల యువతిని పారిసులో వివాహమాడెను.

ఇతని కడపటి చిత్రము 1934లో ఇంగ్లండులో అలెగ్జాండర్ కోర్డా తీసిన ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ డాన్ జువాన్. యౌవనమున ఊరూర పేరుమోసిన విలాసపురుషుడు ముసలివాడగును. అతని వేషము వేసికొన్న వేరొకడు చనిపోగా, డాన్ జువానే మరణించెనని జనులు నమ్ముదురు. తరువాత అతడు బయటికి వచ్చి నేనే వానినని చెప్పినను ఎవ్వరును నమ్మరు. అంత పొడగరి, అంత అందగాడు, ఈ ముసలివాడెట్లగునని నవ్వుదురు. ఈ పాత్రను ఫెయిర్‌బ్యాంక్సు నిజాయితీతో ధరించెను. కాని ప్రజలు చిత్రము చూడరాలేదు. తమ వీరుని ముడుతలు చూచుటకు వారిష్టపడలేదు కాబోలు.

అంత్యదశ

కడపటి యేండ్లలో వైద్యులు విశ్రాంతి తీసికొమ్మని హెచ్చరించిరి. 1939 డిసెంబరు 12న కాలిఫోర్నియాలో సముద్రతీరమందలి సాంటా మోనికాలోని తన గృహమున గుండెజబ్బుచే నిద్రలోనే అతడు మరణించెను. అప్పటికి వయస్సు 56 సంవత్సరములు. మరుసటి ఫిబ్రవరిలో అకాడమీవారు తమ ప్రథమాధ్యక్షుని స్మరించుచు ప్రత్యేక బహుమానము నొసగిరి. పదునొకండేండ్ల క్రిందట బహుమానములు పంచిన చేయి అప్పుడు అందుకొనుటకు లేదు. హాలీవుడ్డు శ్మశానవాటికలో నిడుపైన కొలనుచివర చలువరాతితో అతనికి గొప్ప సమాధి కట్టిరి.

ఈ జీవితమువలన తెలిసినదేమి?

ఇతని గంతులు పదునాలుగేండ్లు నిలిచెను. అంతకు మించి ఏ దేహపు గంతులును నిలువవు. అతనివలె మరొకరు, వారివలె ఇంకొకరు వత్తురు. కాని మరణించి ఎనుబది యేండ్లు దాటినను నిలిచినవి కొన్ని కలవు. నటులు తమ శ్రమకు తామే యజమానులు కావచ్చునని నలుగురు కలిసి చూపిన దారి నిలిచెను. అకాడమీ నిలిచెను. విశ్వవిద్యాలయమున ఆరంభమైన పాఠము నిలిచి, తరతరముల దర్శకులను తయారుచేసెను. తన చిత్రముల మాతృకలను అతడు న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలకు అప్పగించియుండుటచే వానిలో పెక్కు నేటికిని చూడ సాధ్యమగుచున్నది. అజాగ్రత్తవలన నశించిన ఇతరుల మూగచిత్రములకు లెక్కలేదు. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ బొమ్మకు నడుముపై చేతులుంచి నిలుచు ఠీవి ఇతనివద్దనుండి వచ్చినదే. మరుసటి యేటి బ్యాట్‌మ్యాన్‌కు జోరో ముసుగే ప్రేరణ. షాంఘై నగరమున 1928 ప్రాంతమున వెల్లువగ వచ్చిన కత్తిసాము చిత్రములలోను ఇతని ప్రభావము కొంత కలదని చరిత్రకారులు తలంతురు. ఆ చిత్రముల సంతతియే తరువాత హాంకాంగులో వర్ధిల్లి నేటి యువకుల నలరించిన యుద్ధవిద్యా చిత్రములు.

కనుక ఇతని పతనమునుగూర్చి చెప్పునప్పుడు తొందరపడి తీర్పు చెప్పుట తగదు. దేహము క్షీణించుట దోషము కాదు. అది అందరికిని వచ్చునది. దోషమొక్కటే కనబడుచున్నది. దుముకుట నేర్చినవాడు నిలుచుట నేర్చుకొనలేదు. ప్రతి చిత్రమునకును ఒక గురువును వెదకికొన్న మనుష్యుడు, వార్ధక్యమునకుమాత్రము గురువును వెదకికొనలేదు. చేతిలో కత్తి లేనప్పుడు, చుట్టును జనులు చప్పట్లు కొట్టనప్పుడు, ఇంటియొద్ద నిశ్శబ్దముగ కూర్చుండి సంతోషముగ నుండుట యెట్లో అతనికి తెలియకపోయెను. అతని మొదటి కుటుంబమును, రెండవ కుటుంబమును దానికి వెల చెల్లించినవి.

నేడు ఆటస్థలమున ఎత్తుగ దుముకుచున్న మా బాలబాలికలు దుముకుదురు గాక! బాగుగ దుముకుడు. కొలత చూచుకొని, గురువునొద్ద నేర్చుకొని, నవ్వుచు దుముకుడు. ఫెయిర్‌బ్యాంక్సు మీకు నేర్పగలది అదియే, అది చిన్న పాఠము కాదు. అయితే కాళ్లలో సత్తువ యున్నప్పుడే, ఆ సత్తువతో నిమిత్తము లేని పని యొకదానిని మరొకరికొరకు ఆరంభించి యుంచుడు. అతని జీవితములో చెక్కుచెదరక మిగిలినది ఆ భాగమే.